నా అమ్మ, మా అమ్మ: తెలుగు నేర్చుకునేవారి రాతలతో చిన్న కార్పస్ కట్టుకోవడం ఎలా

“పాపకు మంచి శిక్ష ఇప్పించాలని మేము విశాఖ వచ్చాము.”

సాయంత్రాలు ఎంవీపీ కాలనీలో నేను తెలుగు చెబుతుంటాను. అక్కడికి వచ్చే ఒకాయన రాసిన వాక్యమిది. ఆయన మాతృభాష హిందీ. హిందీలో శిక్షా అంటే చదువు. వాక్యంలో వ్యాకరణానికి వంక పెట్టడానికి లేదు, అక్షరదోషం కూడా లేదు. నేను అందరు మేష్టార్లలాగే ‘శిక్ష’ కొట్టేసి పైన ‘చదువు’ అని రాసి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఇంకొకరు “ఆదివారం మాకు అవకాశం ఉంది” అని రాశారు. హిందీలో అవకాశ్ అంటే సెలవు. మరొకావిడ తనకు ఉపన్యాసాలు చదవడం ఇష్టమన్నారు. పాపం, ఆవిడ చెప్పింది నవలల గురించి. వీటిని కొట్టేసుకుంటూ పోవడం కాదు, పోగెయ్యాలని అప్పటికి గానీ నాకు తట్టలేదు.

విశాఖలో ఇలాంటి రాతలకు కరువు లేదు. నేవీ, స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే పుణ్యమా అని దేశం నలుమూలల వాళ్లూ ఇక్కడున్నారు. వాళ్లలో తెలుగు రాయడం దాకా వచ్చినవాళ్లు కొందరే అయినా, ఒక చిన్న పరిశోధనకు సరిపోతారు. భాషాశాస్త్రం ఎంఏ విద్యార్థికైనా, నాలాంటి ట్యూషన్ మేష్టారికైనా పనికొచ్చేలా పద్ధతి మొత్తం కింద రాస్తున్నాను.

కార్పస్ అంటే

ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి, ఒక లెక్క ప్రకారం పోగుచేసి, కంప్యూటర్ చదవగలిగేలా పెట్టుకున్న రాతల రాశి. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి ఒక్కోటి సుమారు 2,000 పదాల చొప్పున 500 ముక్కలు తీసి, పది లక్షల పదాలతో కట్టినది బ్రౌన్ కార్పస్. బ్రౌన్ అనగానే మనకు సి.పి. బ్రౌన్ గుర్తొస్తారు గానీ ఈ పేరు అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీది. మన దేశంలో కొల్హాపూర్ శివాజీ యూనివర్సిటీవాళ్లు 1978 నాటి భారతీయ ఇంగ్లీషు రచనలతో అంతే పెద్ద కార్పస్ కట్టారు.

ఇవన్నీ భాష వచ్చినవాళ్ల రాతలు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల రాతలను కూడా ఇలాగే పోగుచేయాలని బెల్జియంలోని లూవాన్ యూనివర్సిటీలో సిల్వియాన్ గ్రాంజర్ 1990లో పని మొదలుపెట్టారు. ఆ ఇంగ్లీషు కార్పస్ మొదటిసారి 2002లో వచ్చింది. 2020లో వచ్చిన మూడో కూర్పులో 25 మాతృభాషలవాళ్ల వ్యాసాలున్నాయి. మనం కట్టబోయేది దాని ముందు చీమంత. పద్ధతి మాత్రం అదే.

ముందు ప్రశ్న, తర్వాతే పోగు

“ఏం తప్పులు చేస్తున్నారో చూద్దాం” అని దిగితే ఆరు నెలల తర్వాత చేతిలో ఒక తప్పుల చిట్టా మిగులుతుంది, అంతే. తప్పులొక్కటే లెక్కపెడితే ఎలా మోసపోతామో జాక్వెలిన్ షాక్టర్ 1974లోనే చూపించారు. ఇంగ్లీషులో ఒక రకం సంక్లిష్ట వాక్యాలను చైనీస్, జపనీస్ మాతృభాషలవాళ్లు తక్కువ తప్పులతో రాశారు. పర్షియన్, అరబిక్ వాళ్లు ఎక్కువ తప్పులు చేశారు. తీరా చూస్తే మొదటివాళ్లు ఆ వాక్యాల జోలికే పెద్దగా పోలేదు. రాయకపోతే తప్పెక్కడ పడుతుంది?

తెలుగులోనూ ఇదే జరుగుతుంది. “నిన్న చూసిన సినిమా బాగుంది” అనాల్సిన చోట “నిన్న సినిమా చూశాను. ఆ సినిమా బాగుంది” అని రాస్తారు. రెండు వాక్యాలూ శుభ్రంగా ఉంటాయి. ‘చూసిన’ అనే రూపం మాత్రం పేజీలో కనబడదు. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: ఫలానా చోట తెలుగువాళ్లు ఏది ఎంచుకుంటారు, వీళ్లు ఏది ఎంచుకుంటున్నారు?

నేను ఎంచుకున్న ప్రశ్న చాలా చిన్నది. నా, మా, మన. హిందీవాళ్లకు ‘హమ్’, బెంగాలీలకు ‘ఆమ్రా’ ఒక్కటే, మనకేమో మేము వేరు, మనం వేరు. దానికి తోడు మనం ‘నా అమ్మ’ అనం, ‘మా అమ్మ’ అంటాం. నా అమ్మ అంటే వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అయినా ఎవరం అనం. మరాఠీలో మాత్రం మనలాగే ఆమ్హీ, ఆపణ్ అని రెండున్నాయి. అందుకని మరాఠీవాళ్లు మేము, మనం దగ్గర తడబడకూడదు. మరి మా అమ్మ దగ్గర? ఇలా ముందే ఒక ఊహ రాసి పెట్టుకుంటే పోగుచేసేటప్పుడు ఎవరు కావాలో తెలుస్తుంది.

ఎవరి దగ్గర, ఏ షరతుల మీద

నలభై మంది, ఒక్కొక్కరి నుంచి నూట యాభై పదాలు. మొత్తం 6,000 పదాలు. తెలుగులో ‘వెళ్లాలనుకుంటున్నాను’ ఒకే పదం కాబట్టి ఇంగ్లీషులో మూడు వందల పదాల వ్యాసం ఇక్కడ ఆ కాస్తలో ఇమిడిపోతుంది.

ఇదే పనికి ఇంకొక గుంపు కూడా కావాలి. అదే విషయం మీద, అంతే సమయంలో తెలుగువాళ్లు రాసినవి ఓ ముప్ఫై. చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే. తెలుగు మనకు తెలుసు కదా, మన చెవే కొలబద్ద అనుకుంటారు. పైగా ఈ గుంపు విశాఖవాళ్లదే కావాలి. ఇక్కడ ‘వచ్చేను, చూసేను, చెప్పేరు’ అనడం మామూలు. కూరగాయల బండి దగ్గరా, లిఫ్టులోనూ అదే విన్న ఒక నేవీ ఉద్యోగి భార్య ‘వచ్చేను’ అని రాస్తే, విజయవాడ పుస్తకం పక్కన పెట్టుకుని చూసేవారికి అది తప్పులా కనిపిస్తుంది. నిజానికి ఆవిడ చెవి బాగా పనిచేస్తోందన్నమాట.

షరతులు అందరికీ ఒకటే. నలభై నిమిషాలు, చేతిరాత, ఫోను పక్కన పెట్టేయాలి. జపాన్‌లో కోబె యూనివర్సిటీకి చెందిన షినిచిరో ఇషికావా ఆసియా దేశాల విద్యార్థుల కోసం కట్టిన కార్పస్‌లో ఉన్నవి రెండే విషయాలు, 200–300 పదాల నిడివి, 20 నుంచి 40 నిమిషాల గడువు. అంత గట్టిగా పట్టుబట్టడం వల్లే ఒక దేశంవాళ్ల రాతను ఇంకో దేశంవాళ్ల రాతతో పోల్చడం కుదురుతోంది.

విషయం కూడా ఆలోచించి ఇవ్వాలి. ‘పర్యావరణ పరిరక్షణ’ అని ఇచ్చారంటే వార్తాపత్రిక భాష వస్తుంది, నా, మా, మన ఒక్కటీ రాదు. నేను ‘ఇంటివాళ్లతో కలిసి వెళ్లిన ఒక ప్రయాణం’ అని ఇస్తాను. సగం మంది అరకు రైలు గురించి, మిగతావాళ్లు కైలాసగిరి గురించో సొంతూరి గురించో రాస్తారు. కావలసిన పదాలు వద్దన్నా వచ్చి పడతాయి.

ప్రతి ఒక్కరి దగ్గర ఒక చిన్న ఫారం నింపించండి. మాతృభాష, ఇంట్లో మాట్లాడే భాషలు (రెండూ వేరు కావచ్చు), విశాఖలో ఎన్నేళ్లు, తెలుగు ఎక్కడ నేర్చారు, ఇంకేం భాషలు వచ్చు. ‘ఒడియా’ అని ఒక్క ముక్క రాసుకుని వదిలేయకండి. రాయగడ, బరంపురం వైపు నుంచి వచ్చినవాళ్లలో చిన్నప్పటి నుంచి తెలుగు వింటూ పెరిగినవాళ్లుంటారు. సంబల్‌పూర్ నుంచి వచ్చినాయన లెక్క వేరు. ఈ ఫారం తర్వాత నింపిద్దాంలే అనుకుంటే బదిలీ అయి వెళ్లిపోతారు, నాకు అలా ఐదుగురు పోయారు.

ఏం చేయబోతున్నారో వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే కాబట్టి, స్కూలు పిల్లలైతే అమ్మానాన్నల అనుమతి కావాలి. పేర్లు, అపార్ట్‌మెంట్ పేర్లు, పనిచేసే చోట్లు తీసేసి హి01, హి02, మ01 అని గుర్తులివ్వండి. నేవీ కుటుంబాలుంటే ఓడ పేరు కూడా ఉంచొద్దు.

టైపు చేయడం: అసలు ప్రమాదం ఇక్కడే

మొదటి విడత కాగితాలు నేను ఫోనులో టైపు చేశాను. రెండు రోజుల పని. తర్వాత కాగితంతో సరిపోల్చి చూస్తే నా గుండె జారిపోయింది. ‘వెల్లాను’ అని రాసినవన్నీ ‘వెళ్లాను’ అయిపోయాయి. సగం కీబోర్డు దిద్దింది, సగం నా వేళ్లే దిద్దాయి, అలవాటు మరి. మొత్తం మళ్లీ చేశాను.

అందుకే ఆటో కరెక్ట్ ఆపేసి కంప్యూటర్‌లో టైపు చేయండి. కాగితంలో ఎలా ఉంటే అలాగే కొట్టాలి. ఒకరు టైపు చేస్తే ఇంకొకరు కాగితం పట్టుకుని సరిచూడాలి. ఒక్కో వ్యాసం ఒక్కో ఫైలు, మామూలు టెక్స్ట్ ఫైలు, యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి, సేవ్ చేసేటప్పుడు ఎంచుకోవాలి). అసలు కాగితాలను స్కాన్ చేసి వేరే దాచండి. ఒత్తా, కొమ్మా అని అనుమానం వచ్చినప్పుడు అవే దిక్కు.

ఇంకో తిప్పలు కంటికి కనబడదు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్ కింద వ ఒత్తు పడకుండా కీబోర్డు మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడుతుంది. యూనికోడ్‌లో దాని నంబరు 200సి. మనకు అది ఒకే పదం, కంప్యూటర్‌కు మాత్రం ఆ గుర్తు ఉన్నది ఒక పదం, లేనిది ఇంకో పదం. లెక్కలకు వాడే కాపీలో ఆ గుర్తును ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తీసేయండి. అలాగే ‘వెళ్లాను’, ‘వెళ్ళాను’ రెండూ సరైనవే. లెక్క కాపీలో ఒకదానికే మార్చుకోండి. ‘వెల్లాను’ని మాత్రం ముట్టుకోవద్దు.

సాఫ్ట్‌వేర్

ఉచితంగా దొరికే ఆంట్‌కాంక్ చాలు. టోక్యోలోని వాసెడా యూనివర్సిటీలో పనిచేసే లారెన్స్ ఆంథొనీ తయారుచేశారు. దింపుకోవడం ఐదు నిమిషాల పని. ఫైళ్లు ఎక్కించి పదాల పట్టిక అడగ్గానే తెలుగువాళ్లకు మొదటి దెబ్బ తగులుతుంది. పట్టికలో పైన న, ల, క, వ అని విడి అక్షరాలు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ పాడైపోలేదు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు, ‘మార్కులు’. పదమంటే అక్షరాల వరస అని మాత్రమే దానికి చెబితే, ‘విశాఖ’లో గుడి దగ్గరా దీర్ఘం దగ్గరా నరికేసి వ, శ, ఖ చేతిలో పెడుతుంది. సెట్టింగుల్లో టోకెన్ (లెక్కలో ఒక పదం) నిర్వచనం అనే చోట అక్షరాలతో పాటు మార్కులను కూడా చేర్చి, కార్పస్‌ను మళ్లీ కట్టుకోండి. ఆ తర్వాత ఒక పేరా తీసుకుని పదాలు చేత్తో లెక్కపెట్టి, అది చెప్పిన అంకెతో సరిచూడండి. సరిపోయేవరకు ముందుకు వెళ్లొద్దు.

పదసంపద కొలవడం

మొత్తం పదాల్లో వేర్వేరు పదాలెన్ని అనే నిష్పత్తి అందరికీ తెలిసిన కొలత. రాత పొడవయ్యేకొద్దీ పదాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి నిష్పత్తి పడిపోతుంది. నూరు పదాలు రాసినవారు మూడు వందలు రాసినవారి కన్నా పండితుల్లా కనిపిస్తారు. మెకార్తీ, జార్విస్ 2010లో పరీక్షించి చూపిన ఎంటీఎల్‌డీ అనే కొలత దీనికి కొంత మందు. పదం పదం చదువుకుంటూ పోయి, నిష్పత్తి 0.72కి పడిపోగానే అక్కడికి ఒక ముక్క అనుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ముక్కల సగటు పొడవే కొలత.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇళ్లు, ఇంటినుంచి అనేవి కంప్యూటర్‌కు ఐదు పదాలు. దాంతో మన అంకెలు ఎప్పుడూ ఉబ్బి ఉంటాయి. ఇంగ్లీషు మీద చేసిన పరిశోధనల అంకెల పక్కన వీటిని పెట్టకండి. ఆరు వేల పదాల కార్పస్‌కైతే మూలపదాల పట్టిక చేత్తో రాసుకోవడమే మేలు. వారం పడుతుంది, అలా రాస్తున్నప్పుడే సగం విషయాలు కంటపడతాయి.

తెలిసిన పదాలా, అరుదైనవా అని శాతాలు తీసే పద్ధతిని లాఫర్, నేషన్ 1995లో పెట్టారు. దానికి తరచుగా వాడే పదాల జాబితా కావాలి. ఇంగ్లీషుకు అలాంటిది 1953లో సుమారు 2,000 పదాలతో తెచ్చిన మైకేల్ వెస్ట్ ఒకప్పుడు ఢాకాలో పనిచేసినవాడే. ఆ జాబితాను తెలుగు చేసి వాడదామనుకుంటే మాత్రం దెబ్బతింటారు. హిందీ, బెంగాలీ వాళ్లకు ‘ప్రారంభం, సమయం, ప్రయత్నం’ ముందే తెలుసు. వాళ్లకు కష్టమైనవి ‘మొదలెట్టడం, తీరిక, సర్దుకోవడం’. మన బడిలో గ్రాంథికంగా కనిపించే మాట వాళ్లకు తేలిక, మనకు తేలికైన మాట వాళ్లకు కొండ. నేనైతే తెలుగువాళ్ల గుంపు రాసిన ముప్ఫై వ్యాసాల్లో కనీసం పదింటిలో వచ్చిన పదాలనే ‘అందరి పదాలు’ అనుకుని, నేర్చుకునేవాళ్లు వాటిలో ఎన్నిటిని అందుకున్నారో చూస్తాను.

వరసలు చదవడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఒక పదం వెతికితే అది వచ్చిన ప్రతి చోటూ అటూ ఇటూ మాటలతో సహా వరసగా కనిపిస్తుంది. ‘నా’ అని వెతికితే ఇలాంటివి వస్తాయి:

అరకులో నా అమ్మ చాలా సంతోషించింది
అప్పుడు నా భర్త టిక్కెట్లు తీసుకున్నారు
నా ఊరిలో కొండలు లేవు

‘మా’ అని తెలుగువాళ్ల గుంపులో వెతికితే మా అమ్మ, మా ఆయన, మా ఊరు, మా బావగారి కారు. కుడివైపు మొదటి పదాన్ని బట్టి వరసలను అమర్చమంటే చుట్టాలన్నీ ఒకచోటికి చేరతాయి, కళ్లకు కట్టినట్టుంటుంది.

అన్ని పదాలూ ఇంత సుళువుగా దొరకవు. ‘అని’ ఎంత వాడుతున్నారో చూడాలనుకోండి. అది విడిగా ఉండటం తక్కువ, వచ్చాడని, వెళ్లిందని, వస్తానని ఇలా అతుక్కుపోతుంది. చివర ‘ని’ ఉన్నవన్నీ అడిగితే పుస్తకాన్ని, రైలుని కూడా వచ్చి మీద పడతాయి. కాబట్టి చివర ‘డని’, ‘దని’, ‘రని’, ‘నని’ ఉన్నవి వేరువేరుగా వెతకాలి. అప్పుడు కూడా ‘తీరని కోరిక’, ‘వాడని గది’, ‘మాట వినని పిల్లాడు’ దొంగల్లా దూరతాయి. ఆ వరసలు చదివి చేత్తో ఏరేయాల్సిందే. ఈ ఓపిక లేనివారు తెలుగు కార్పస్ జోలికి రాకపోవడం మంచిది.

‘శిక్ష’ లాంటి మాటలూ వరసల్లోనే బయటపడతాయి. పట్టికలో చూస్తే ‘రాష్ట్రం’ అమాయకంగా ఉంటుంది. “భారత్ చాలా పెద్ద రాష్ట్రం” అనే వరస చదివితే గానీ ఆయన మనసులో ఉన్నది దేశమని తెలీదు. హిందీలో రాష్ట్ర్ అంటే దేశమే.

తప్పులకు గుర్తులు పెట్టడం

అసలు ఫైలును కదపకుండా ఇంకో కాపీలో పెట్టండి. లిపి, విభక్తి, క్రియ చివర, అర్థం, ఎంపిక. ఈ ఐదూ చాలు. యాభై రకాలు పెట్టుకుంటే మూడో రోజుకు మీకే గుర్తుండవు. ప్రతి గుర్తు పక్కన, వారు ఏం రాయబోయారని మీరనుకుంటున్నారో అదీ రాయాలి. “ఆయన నాతో అడిగాడు” పక్కన “ఆయన నన్ను అడిగాడు”.

క్రియల దగ్గర కాస్త జాగ్రత్త. మనకు బస్సు వచ్చింది, ఆవిడా వచ్చింది. హిందీలో రైలు ఆడది, ట్రక్కు మగది. ‘రైలు వచ్చింది’ అని సరిగ్గా రాసినాయన నియమం తెలిసి రాశాడో, హిందీ లెక్క అనుకోకుండా కలిసొచ్చిందో ఆ ఒక్క వాక్యం చెప్పదు. ‘ట్రక్కు వచ్చాడు’ ఎక్కడైనా ఉందేమో చూడాలి.

కొన్ని వ్యాసాలకు ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి పోల్చుకోండి. “రైల్లో కూర్చుని అరకు వెళ్లాం” దగ్గర నేనూ నా మిత్రురాలూ పోట్లాడుకున్నాం. ఆవిడ తప్పేం లేదంది. ‘రైలెక్కి’ అనకుండా అలా ఎవరంటారని నేను. చివరికి తెలుగువాళ్ల వ్యాసాలు చూస్తే అన్నీ ‘రైలెక్కి’లే. ‘ఎంపిక’ అనే ఐదో గుర్తు అలా పుట్టింది.

పోల్చడం

రెండు గుంపుల సైజు ఒకటి కాదు కాబట్టి వెయ్యి పదాలకు ఎన్ని అని లెక్కగట్టాలి. ఉదాహరణకు, నేర్చుకునేవారి 6,000 పదాల్లో ‘మా’ 12 సార్లు, తెలుగువారి 5,000 పదాల్లో 60 సార్లు వచ్చిందనుకుందాం. వెయ్యికి 2, వెయ్యికి 12. తేడా కాకతాళీయమా కాదా అనేదానికి లాగ్ లైక్లీహుడ్ అనే పరీక్ష ఉంది. రెండు గుంపులూ ఒకేలా వాడి ఉంటే 72 సార్లలో మొదటివారికి 39.3, రెండోవారికి 32.7 రావాలి. ఉన్న సంఖ్యను రావలసిన సంఖ్యతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను ఉన్న సంఖ్యతో గుణించి, రెండిటినీ కూడి రెట్టింపు చేస్తే సుమారు 44 వస్తుంది. 3.84 దాటితే ఇంత తేడా ఊరికే రావడానికి నూటికి ఐదు పాళ్లకన్నా తక్కువ అవకాశం (హిందీ అవకాశం కాదు) ఉందని అర్థం. ఎక్సెల్‌లో ఒక గడి పని.

అయితే ఆ పన్నెండూ ఎంతమంది రాశారో చూశారా? ఒకావిడ ఒక్కరే తొమ్మిది సార్లు రాసి ఉండొచ్చు. వారి భర్త తెలుగువారేమో, ఫారం తీసి చూడండి. ఎన్ని సార్లు అనే అంకె పక్కన ఎంతమంది అనే అంకె లేని పట్టికను నేను నమ్మను.

మళ్లీ క్లాసులోకి

ఇదంతా అయ్యాక రెండు గుంపుల వరసలు ఇరవై చొప్పున ఏరి, పేర్లేమీ లేకుండా ఒక కాగితానికి రెండు వైపులా ప్రింటు తీసి క్లాసులో పంచాను. నియమం చెప్పలేదు, తేడా ఏమిటో మీరే చూడమన్నాను. పది నిమిషాల్లో పట్టేశారు. మా అమ్మ, మా ఊరు, మా ఇల్లు. శిక్ష గురించి రాసినాయన మాత్రం రెండో వైపు కింది వరస మీద వేలు పెట్టి చాలాసేపు చూసి అడిగారు.

“మా అమ్మ సరే సార్. అన్నదమ్ములం ఉంటాం. ఈ ‘మా ఆవిడ’ ఏమిటి సార్? ఎంతమందికి?”